పెట్టె పలికిన పేరు

కిందటి వారం రెబెకాను నాగులగట్టు బస్సు డిపోలో, మేనేజరు గది గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చాం. ఆ డిపోలో ఆమె పద్నాలుగేళ్లుగా కండక్టరు. పది రోజుల కిందట, నడుస్తున్న బస్సులో, డ్రైవరు నెత్తిమీద కొత్తగా బిగించిన పెట్టెను తీగలతో సహా పీకి కింద పడేసింది. "తదుపరి స్టాపు ఫలానా" అంటూ తనంతట తానే స్టాపుల పేర్లు చెప్పే పెట్టె అది. ఎందుకు పీకిందో డిపోలో అందరికీ తెలుసు. ఆ తెలిసినవాళ్లే వరసగా వచ్చి "ఎందుకమ్మా నీకంత ఆవేశం?" అని అడిగి పోయారు. ఇవాళ మూడు గంటలకు వచ్చి క్షమాపణ పత్రం మీద సంతకం పెడితే మళ్లీ డ్యూటీ. పెట్టకపోతే సస్పెన్షన్. ఇదీ పైనుంచి వచ్చిన కబురు.

మూడైంది. రెబెకా లోపలికి అడుగుపెట్టింది.

బల్ల వెనక డిపో మేనేజరు లక్ష్మీకాంత్ ఉన్నాడు. చాలా మంచివాడని ఆయనకు పేరు. ఎవరి మనసూ నొప్పించడంటారు. నిజానికి, నొప్పిస్తే తిరగబడగలిగిన వాళ్లను మాత్రమే ఆయన నొప్పించడు. అంతమాత్రం మంచితనానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు. జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ సిరా పెన్ను ఒకటి ఉంటుంది. ఆ పెన్నుతో సెలవు చీటీ మీద సంతకం పెట్టినా సరే, దేశానికి ఏదో మేలు చేసినట్టు ఒక నిట్టూర్పు విడుస్తాడు.

ఆయనకు కుడివైపు కుర్చీలో సాయికౌశిక్. బస్సుల్లో పెట్టెలు బిగించిన కంపెనీ కుర్రాడు. మెళ్లో కార్డు, ఒళ్లో లాప్‌టాప్. గోడవార చిన్న బల్ల దగ్గర ఆఫీసు సూపర్నెంటు శ్యామలాంబ, జరిగేదంతా రాయడానికి తెల్లకాగితాలు సర్దుకుని కూర్చుంది.

గదిలో ఇంకో కుర్చీ ఉంది. దానిమీద పాత పేపరు పరిచి, ఊడిన తీగలతో పెట్టెను కూర్చోబెట్టారు.

"కూర్చోమ్మా రెబెకా," అన్నాడు లక్ష్మీకాంత్ అలవాటు కొద్దీ. తర్వాత కుర్చీ వైపు చూసి నాలిక్కరుచుకున్నాడు. తియ్యమని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"పర్లేదు సార్. పెద్దవాళ్లు కూర్చున్నారుగా," అంది రెబెకా పెట్టెను చూస్తూ.

సాయికౌశిక్‌కు నవ్వొచ్చింది. మేనేజరు మొహం చూసి మింగేశాడు.

ఈ పెట్టె సంగతి కొంచెం చెప్పుకోవాలి. అది వచ్చిన మొదటి వారం ప్రయాణికులకు మంచి కాలక్షేపమైంది. ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన జాబితా దానికి ఎక్కించారు. అది తనకు తోచినట్టు చదివింది. పెదపాలెం దగ్గర తియ్యటి గొంతుతో "తదుపరి స్టాపు, పేడపాలెం" అంది. పాపయ్యలో దానికి ఇంగ్లీషు పపాయా కనపడిందేమో, పాపయ్యపాలెం కాస్తా బొప్పాయిపాలెం అయి కూర్చుంది. కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసి అలసిపోయి వచ్చే ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వారు. పెదపాలెం మాజీ సర్పంచి మాత్రం నవ్వలేదు. ఫోను చేసి "మా ఊరు నీకు పేడలాగా కనపడతందా?" అని మేనేజర్ని అడిగాడు. రెండో రోజుకల్లా పేడ కడిగేశారు. మూడో రోజుకు బొప్పాయి పోయి పాపయ్య తిరిగొచ్చాడు. పేరు సరిచేయడం అంత తేలిక పనని జనానికి అప్పుడే తెలిసింది.

పాపయ్యపాలెం దాటితే రెబెకా వాళ్ల పల్లె. ఎప్పుడో మిషన్ వాళ్లు అక్కడ ఒక బడి, చిన్న ఆసుపత్రి పెట్టారు. ఆసుపత్రి పోయింది. బడి మిగిలింది. దాంతోపాటే పేరూ మిగిలింది, మిషన్ పల్లె అని. టికెట్లు కొట్టే మిషన్లో చోటు చాలక "ఎం.పల్లి" అని ఎక్కించారు. దాన్నెవరూ పట్టించుకోలేదు. కండక్టర్లందరూ నోటితో "మిషన్ పల్లె, మిషన్ పల్లె, దిగేవాళ్లు ముందుకి రండి" అని పిలిచేవాళ్లు మరి.

ఆ పల్లెకు అంతకు ముందు ఇంకో పేరుండేది. ముందు కులం పేరు పెట్టి, వెనక పల్లె అని తగిలించి, పక్క ఊళ్లవాళ్లు పిలిచిన పేరు. పల్లెలో వాళ్లు తమ నోటితో ఎన్నడూ అనుకోని పేరు. పాత రెవెన్యూ కాగితాల్లో ఎక్కడో పడి ఉండేది. పెట్టె ఆ పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. పాఠకులకు ఎలాగూ అర్థమైంది. పెట్టెకున్నంత నోరు ఈ కథకు అక్కర్లేదు.

రెబెకా మూడుసార్లు ఫిర్యాదు రాసిచ్చింది. మూడుసార్లూ ఒకటే జవాబు: "రికార్డు ప్రకారం సరిగానే ఉన్నది." పేడను కడగడానికి రికార్డు అడ్డం రాలేదు. దీనికే వచ్చింది.

ఆ తర్వాత ఒకనాటి నాలుగింటి బండిలో కూతురు ఫెబా ఎక్కింది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. స్నేహితురాళ్లతో కిలకిలలాడుతూ కూర్చుంది. పాపయ్యపాలెం దాటగానే పెట్టె ఆ పేరు పలికింది. వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. బండి ఆగింది. ఫెబా లేవలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుని, ఆ పల్లె ఎవరిదో తనకు తెలియనట్టు కూర్చుంది. "దిగవేమే" అనబోయిన రెబెకా, పిల్లను చూసి "రైట్" అనేసింది. పిల్ల తర్వాతి స్టాపులో దిగి, పత్తి చేల గట్టు వెంట మైలున్నర వెనక్కి నడిచి ఇల్లు చేరింది. అడిగితే, వారం రోజులుగా అలాగే దిగుతున్నానంది. సొంత స్టాపులో దిగడానికి సొంత బిడ్డ సిగ్గుపడింది. మర్నాడు పెట్టె నోట ఆ పేరు పూర్తయ్యీ కాకముందే రెబెకా చెయ్యి దాని మీద పడింది.

అదీ జరిగింది.

"శ్యామలాంబ గారూ, అభియోగం ఒకసారి చదవండి," అన్నాడు లక్ష్మీకాంత్.

ఆమె కళ్లజోడు సర్దుకుని చదివింది. "సదరు బస్సు ఎం.పల్లి స్టాపును సమీపించుచుండగా, సదరు స్టాపు పేరును యంత్రము ప్రకటించినందున, కండక్టరు ఉద్రేకమునకు లోనై సంస్థ ఆస్తికి నష్టము కలిగించినది."

"విన్నావుగా. పెద్ద విషయమేం కాదు. తెలియక చేశాను, మన్నించండి అని సంతకం పెట్టెయ్. నాలుగింటి బండి నీకే రాయిస్తాను," అని కాగితం ముందుకు తోశాడు.

రెబెకా కాగితం ముట్టుకోలేదు. "ఎం అంటే ఏంటి సార్?"

"ఏంటి?"

"ఎం.పల్లి అని రాశారుగా. ఎం అంటే ఏంటని."

"అదే... ఆ స్టాపే."

"పెట్టె ఎం.పల్లి అన్లేదు సార్. అంటే నేనెందుకు పీకుతాను? పెట్టె ఏమందో అది రాయండి. పూర్తిగా రాస్తే, కింద సంతకం పెడతాను."

లక్ష్మీకాంత్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రెబెకా, నన్ను అపార్థం చేసుకోకు. నాకలాంటి పట్టింపుల్లేవు. క్రిస్మస్‌కి మీవాళ్లు కేకు పంపిస్తే ఇంటిల్లిపాదీ తింటాం. అడుగు, ఎవర్నైనా అడుగు."

కేకు తిన్నందుకు కూడా మెచ్చుకోలు ఆశించే మనిషిని రెబెకా మొదటిసారి చూసింది. పద్నాలుగేళ్లు ఈయనలాంటి వాళ్లకు ఎదురొచ్చినప్పుడల్లా నమస్కారం పెట్టానే అని ఆమెకు తన చేతుల మీదే చిరాకేసింది.

"కేకు సంగతి కాదు సార్. పేరు సంగతి."

"అది రికార్డులో ఉన్న పేరమ్మా. మనం పెట్టింది కాదు."

"రికార్డులో ఉన్నదేగా, మరి అనండి. పెట్టె రోజుకి పన్నెండు ట్రిప్పులు అనే పేరు. బండినిండా జనంలో అనే పేరు. ఈ గదిలో ఉన్నది నలుగురమేగా. ఒక్కసారి మీ నోటితో అనండి సార్, వింటాను."

సాయికౌశిక్ లాప్‌టాప్‌లో తలదూర్చాడు. శ్యామలాంబ పెన్ను ఆగింది.

"అనరా?"

"అట్లా... మనిషి నోటితో అనకూడదమ్మా. తెలియని దానివా నువ్వు? చట్టం ఒప్పుకోదు. నేనంటే కేసవుద్ది."

అన్నాక గాని తనేమన్నాడో ఆయనకు తెలియలేదు.

"మీరంటే కేసు. పెట్టె అంటే రికార్డు," అంది రెబెకా నెమ్మదిగా. "బావుంది సార్. చేతికి మట్టి అంటకుండా తిట్టడానికి మంచి వస్తువే కొన్నారు."

"మాట జాగ్రత్త!" అని లక్ష్మీకాంత్ గొంతు పెంచాడు. పెంచిన గొంతు ఎక్కడ నిలపాలో తెలియక మళ్లీ దించేశాడు. "చూడు, మాకు సంబంధం లేదు. జాబితా కంపెనీ వాళ్లు తయారు చేసుకున్నారు. పొరపాటు వాళ్లది. ఏ నెట్‌లోనో చూసి పెట్టుంటారు. నీ కోపం తప్పని నేననను గాని, ఆ కోపం వీళ్ల మీద చూపించుకో."

అలా అంటూ చేత్తో సాయికౌశిక్ వైపు చూపించాడు. కాఫీ తాగించి కూర్చోబెట్టిన కుర్రాణ్ణి ఒక్క వాక్యంలో గుమ్మం బయటికి నెట్టేశాడు. ఆ పిల్లాడి మొహం వెలవెలబోయింది.

రెబెకా అతని వైపు తిరిగింది. గొంతు తగ్గలేదు గాని, అందులో వేడి మాత్రం కొంచెం తగ్గింది.

"ఏం బాబూ, ఒక మాట అడుగుతాను చెప్పు. పెదపాలేన్ని మీ పెట్టె ఏమంది?"

"పేడ... అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం మేడమ్. ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి చదివింది. ఫిక్స్ చేశాం."

"పాపయ్యని బొప్పాయి అంది. రాళ్లబావిని ఏమంది? రల్ల బవి అంది. దీర్ఘం అనేదే దానికి తెలియదు. ముప్పై నాలుగు స్టాపుల్లో ఒక్కటంటే ఒక్కటి తిన్నగా పలకలేదు. అవునా?"

"అవును మేడమ్."

"మరి మా పల్లె పేరు అంత శుద్ధంగా ఎట్టా పలికింది?"

అతను లాప్‌టాప్‌లో జాబితా తెరిచాడు.

"ఎక్కడ సాగదియ్యాలో అక్కడ సాగదీసింది. ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కింది. తెలుగు మేష్టారు పాఠం చెప్పినట్టు పలికింది. మీ జాబితాలో ఇంగ్లీషులో ఎం.పల్లి అని ఉంటే, అది ఎం.పల్లి అనేగా అనాలి? అన్నీ ఇంగ్లీషులో ఉండి, ఇదొక్కటి తెలుగులో ఎవరో రాసిచ్చారు. ఎవరు రాసిచ్చారు బాబూ?"

ఈ ప్రశ్న ఆమె ఇంటి దగ్గర తయారుచేసుకుని వచ్చింది కాదు. పది రోజులుగా కోపం మాత్రమే ఉంది. ఇప్పుడు ఈ గదిలో, కుర్చీలో కూర్చున్న పెట్టెను చూస్తుంటే తట్టింది.

"కౌశిక్, నువ్వు సమాధానం చెప్పక్కర్లేదు. టెక్నికల్ విషయాలు ఇక్కడ అనవసరం," అన్నాడు లక్ష్మీకాంత్.

ఒక్క నిమిషం కిందట ఆ మాట అని ఉంటే ఆ కుర్రాడు వినేవాడేమో. "పొరపాటు వాళ్లది" అన్న మాట ఇంకా అతని చెవుల్లోనే ఉంది.

"నెట్‌లో చూసి పెట్టలేదు సర్," అన్నాడు. "ఎం అంటే ఏంటో నాకు తెలియదు. బస్టాండ్‌లో ఇద్దరు డ్రైవర్లని అడిగా. మిషన్ పల్లె అన్నారు. నేను కుట్టు మిషన్ అనుకున్నా. కుట్టు మిషన్లు చేసే ఊరేమో, కన్ఫర్మ్ చేసుకుందామని లిస్ట్ ప్రింట్ తీసి మీకు పంపించా సర్. మీరే కదా సర్ రాసి, ఫొటో తీసి వాట్సాప్ చేశారు."

"నేనా? నేనెప్పుడు..."

సాయికౌశిక్ లాప్‌టాప్ రెబెకా వైపు తిప్పాడు.

తెర మీద స్టాపుల జాబితా ఫొటో. పంతొమ్మిదో నంబరు దగ్గర ఎం.పల్లి అన్న ఇంగ్లీషు అక్షరాల మీద అడ్డగీత. ఆ కుర్రాడు పక్కన పెన్సిలుతో "మిషన్?" అని రాసుకున్నాడు. దాని మీద కూడా అడ్డగీత. ఆ పక్కన, ఆకుపచ్చ సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో "మిషన్ కాదు" అని రాసి, కింద ఆ పేరు పూర్తిగా ఉంది. కింద గీత. ఆ గీత కింద పొట్టి సంతకం, తేదీ.

రెబెకా చదివింది. ఇంకోసారి చదివింది. ఆ చేతిరాత ఆమెకు బాగా తెలుసు. ఎన్ని సెలవు చీటీల మీద చూడలేదు!

మర్చిపోయి రాసింది కాదది. తెలియక రాసిందీ కాదు. మిషన్ పల్లె అన్న పేరు ఆయన కళ్లముందు ఉంది. దాన్ని కొట్టేసి మరీ రాశాడు. పల్లెవాళ్లు ఎవరూ ఎదురుగా లేనప్పుడు, తలుపేసుకుని, హాయిగా కూర్చుని, అందంగా రాశాడు. ఆ పేరుకు ఆయన నోరు రాదు గాని చెయ్యి చక్కగా వచ్చింది.

రెబెకాకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి మీద ఇంతకాలం మిగిలిన కాస్త గౌరవం కూడా పూర్తిగా పోయింది. అది పోవడంతో ప్రాణానికి హాయిగా ఉంది. ఇక ఈయనకు భయపడాల్సిన పని లేదు.

"శ్యామలాంబ గారూ, ఇదేమీ రాయకండి," అన్నాడు లక్ష్మీకాంత్.

"రాసేశానండీ," అంది ఆవిడ తలెత్తకుండా. "ఆకుపచ్చ సిరా అని కూడా రాశాను."

రెబెకా ఆవిడ వైపు ఒక్క క్షణం చూసింది. థాంక్స్ చెప్పాలనిపించలేదు. తన మూడు ఫిర్యాదులకూ "రికార్డు ప్రకారం సరిగానే ఉన్నది" అని జవాబు టైపు చేసింది ఆ చేతులే.

లక్ష్మీకాంత్ లేచాడు. క్షమాపణ పత్రం తీసుకుని రెండుగా, నాలుగుగా చింపాడు. నవ్వబోయాడు.

"ఇదుగో, అయిపోయింది. సంతకం వద్దు, విచారణ వద్దు. నాలుగింటి బండి నువ్వే ఎక్కు. రేపు పొద్దున్నకల్లా పెట్టెలో పేరు మార్పిస్తాను. మిషన్ పల్లె. చక్కగా, దీర్ఘాలూ అవీ అన్నీ సరిచేసి. నువ్వు అడిగింది అదేగా? ఈ ఫొటో సంగతి మాత్రం ఈ గదిలోనే ఉండాలి. అంతే. మనమంతా ఒక కుటుంబం లాంటివాళ్లం."

ఆయన అబద్ధం ఆడటం లేదు. భయపడ్డ మనిషి మాట నిలబెట్టుకుంటాడు. ఉద్యోగం ఉంటుంది. రేపటి నుంచి ఫెబా తన స్టాపులో తను దిగుతుంది. పది రోజుల కిందట ఇంతమాత్రం ఇస్తామంటే రెబెకా చేతులు జోడించేది. ఇప్పుడు కూడా ఒక్కమాటతో బయటపడొచ్చు. సరేనంటే చాలు.

కాని సరేనంటే, పేరు మార్చినవాడు ఈయన అవుతాడు. ఎంతో ఉదారంగా పల్లెకు పేరిచ్చిన మంచి మేనేజరు అవుతాడు. చర్చిలో దండేసి శాలువా కప్పినా కప్పుతారు. ఆ రాసిన చెయ్యే ఆ శాలువా అందుకుంటుంది.

"ఒక కాగితం ఇవ్వండి సార్," అంది.

"ఎందుకు?"

"రాసుకోవాలి."

డ్యూటీలో చేరుతున్నట్టు రాస్తుందనుకుని లక్ష్మీకాంత్ ఊపిరి పీల్చుకున్నాడు. శ్యామలాంబ బల్ల మీది తెల్లకాగితం ఒకటి తనే తెచ్చిచ్చాడు. "కుర్చీ వెయ్యవయ్యా మేడమ్‌కి," అని సాయికౌశిక్‌ను కేకేసి, మళ్లీ ఆగలేక తనే పెట్టెను ఎత్తి నేల మీద పెట్టాడు.

రెబెకా కూర్చుంది. బల్లకు కాగితం ఆనించి, టికెట్ల బ్యాగులోంచి పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది. మేనేజరు ఎదురుగా నిలబడి తలకిందులుగా ఉన్న అక్షరాలను కూడబలుక్కున్నాడు.

"గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి, నాగులగట్టు పోలీస్ స్టేషన్..."

"రెబెకా!" అన్నాడాయన. "ఏంటిది? ఇప్పుడేగా అంతా సెటిలైంది?"

ఆమె తలెత్తలేదు. తేదీ వేసింది. తన పేరు, ఉద్యోగం, నంబరు రాసింది. మేనేజరు పేరు రాసింది. ఆకుపచ్చ సిరా గురించి రాసింది. "మా నివాస ప్రాంతమును బస్సులో ప్రయాణికులందరూ వినునట్లు" అని రాసి, అక్కడ ఆగింది.

ఆ తర్వాత రావాల్సింది ఆ పేరు. ఫిర్యాదన్నాక పూర్తిగా రాయాలి. ఎం.పల్లి అని రాస్తే స్టేషన్లో చెల్లదు. నలభై మూడేళ్ల జీవితంలో రెబెకా ఆ పేరు ఎప్పుడూ రాయలేదు. పలకలేదు. వాళ్లమ్మ కూడా ఎప్పుడూ పలకలేదు. ఇప్పుడు తన చేత్తో తనే రాయాల్సి వచ్చింది. పెన్ను కాగితానికి ఆనించి ఉంచేసరికి అక్కడ చిన్న సిరా చుక్క పడింది.

అప్పుడు తలెత్తి మేనేజరు కళ్లలోకి చూసింది.

"ఈ పేరు నాకు రాయడం అలవాటు లేదు సార్. మీకు బాగా వచ్చుగా. ఒక్కొక్క అక్షరం చెప్పండి, రాసుకుంటాను."

శ్యామలాంబ పెన్ను మళ్లీ కాగితం మీదికొచ్చింది. సాయికౌశిక్ తలుపు వైపు చూశాడు గాని కదల్లేదు.

లక్ష్మీకాంత్ చెయ్యి జేబులోని ఆకుపచ్చ సిరా పెన్ను మీదికి పోయి, వెనక్కి వచ్చింది. తర్వాత నోరు తెరిచాడు.